జీపు ఎవరిది?

పదో తరగతికి రెండో ప్రపంచ యుద్ధం పాఠం చెబుతున్నాను. ట్యాంకులు, జలాంతర్గాములు అంటే మా ఆశ్రమ పాఠశాల పిల్లలకు పుస్తకంలో బొమ్మలే. చేతికి అందే వస్తువు ఏదైనా చెబుదామని, "మన సంతకి తిరిగే జీపు చూశారు కదా, అది ఈ యుద్ధం కోసం పుట్టిందే" అన్నాను. అంతవరకు డెస్కుల మీదికి వాలిపోయిన పిల్లలు నిటారుగా కూర్చున్నారు. వెనక వరసలో ఒక గుంటడు అడిగాడు, "ఎవులు చేసినారు మాస్టారూ?"

"విల్లీస్ అని అమెరికా కంపెనీ" అన్నాను. బోర్డు మీద రాశాను. వాళ్లు నోట్సులో ఎక్కించుకున్నారు.

రాశాక నాకే అనుమానం వచ్చింది. ఆ మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మా మామ చెప్పగా విన్నాను.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. పాడేరు నుంచి కొండ మీద ఊళ్లకు జీపు నడిపేవాడు. మహీంద్రా కమాండర్, డీజిల్ బండి. కంపెనీ ఎంతమందిని ఎక్కించమందో గాని, సంత రోజున ఇరవై మందికి తక్కువైతే మామ బండి తీసేవాడు కాదు. లోపల ఎదురెదురు బల్లల మీద ఆడవాళ్లు, ముసలివాళ్లు. వాళ్ల కాళ్ల మధ్య పసుపు బస్తాలు, చింతపండు గంపలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. టాపు మీద అడ్డాకుల కట్టలు, వాటి మీద కుర్రాళ్లు. వెనక మెట్టు మీద వేలాడేవాళ్లు నలుగురైదుగురు. అందులో నేనొకణ్ణి. ఇప్పుడు మా పిల్లలు అలా వేలాడితే కేకలేస్తాను.

ఆ వెనక మెట్టు కంపెనీ పెట్టింది కాదు. నిండు గర్భిణిని ఎక్కించలేక అవస్థ పడిన రోజు తర్వాత మామ వెల్డింగ్ షాపులో ఇనుప రాడ్లు వంచి, పాత రేకు వేసి పెట్టించాడు. కమాన్ పట్టీలకు అదనంగా ఒక పట్టీ వేయించాడు. నెల తిరక్కుండా స్టాండులో మిగతా జీపులకూ అలాంటి మెట్లు వచ్చాయి. మా మామే మొదట పెట్టాడని నేనంటే ఎవరు నమ్ముతారు? ఇంకో సంతలో ఇంకో మామ అంతకుముందే పెట్టి ఉండొచ్చు. మా స్టాండులో మాత్రం మొదటిది మామదే, నా కళ్లారా చూశాను.

ఆ బండి గురించి మామ గొప్పగా చెప్పేవాడు. "అసలు జీపంటే విల్లీస్‌రా అల్లుడా. మనది దాని మనవడు." పాత జీపులను మెకానిక్కులు విల్లీస్ అనే పిలుస్తారు. అలా ఆ పేరు మామకు, మామ నుంచి నాకు, నా నుంచి పదో తరగతి నోట్సుల్లోకి వచ్చింది.

మా స్కూలు వెనక గుట్ట మీద ఒక బండ ఉంది. ఫోనుకు సిగ్నల్ అక్కడే దొరుకుతుంది. రాత్రి పిల్లల భోజనాలయ్యాక ఆ బండ మీద కూర్చుని వెతకడం మొదలుపెట్టాను. ఒక్క రాత్రి పని అనుకున్నాను, వారం పట్టింది.

జీపును మొదట చేసింది విల్లీస్ కాదు, బాంటమ్.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, బట్లర్ అనే చిన్న పట్టణం. 1930లో అక్కడ ఒక ఫ్యాక్టరీ, ఇంగ్లండు వాళ్ల ఆస్టిన్ సెవెన్ అనే బుల్లి కారును లైసెన్సు మీద చేయడం మొదలుపెట్టింది. అమెరికా వాళ్లకు పెద్ద కార్ల మీద మోజు. పైగా దేశమంతా ఆర్థిక మాంద్యం. కొన్నేళ్లకే ఫ్యాక్టరీ దివాలా తీసింది. రాయ్ ఎవాన్స్ అనే కార్ల వ్యాపారి దాన్ని కొని అమెరికన్ బాంటమ్ అని పేరు మార్చాడు. బాంటమ్ అంటే పొట్టి జాతి కోడి. మన సంతల్లో పందెం కట్టే వాళ్లకు తెలుసు, పుంజు పొట్టిదైనా పొడుస్తుంది. కాని 1940 నాటికి ఈ పుంజుకు గింజలే కరువయ్యాయి. కార్ల తయారీ దాదాపు ఆగిపోయింది. గీతలు గీయడానికి కంపెనీలో ఒక ఇంజనీరు కూడా లేడు.

ఆ జూన్‌లో ఫ్రాన్స్ హిట్లర్ చేతికి చిక్కింది. అమెరికా సైన్యానికి తొందర పుట్టింది. గుర్రాల బదులు, మోటారు సైకిళ్ల బదులు, దారి లేని చోట తిరిగే చిన్న బండి కావాలి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందాలి. బరువు 1,300 పౌండ్లు మించకూడదు, అంటే ఆరు క్వింటాళ్ల లోపు. ఆర్డరు ఇచ్చిన 49 రోజుల్లో మొదటి బండి, 75 రోజుల్లో మొత్తం 70 బండ్లు ఇవ్వాలి. 1940 జులైలో 135 కంపెనీలకు కబురు వెళ్లింది. పోటీకి నిలబడినవి రెండే, బాంటమ్, విల్లీస్. రెండూ అప్పుల్లో ఉన్నవే. కడుపు నిండిన కంపెనీ ఏదీ ఆ 49 రోజుల మాట వినలేదు.

బాంటమ్ వాళ్లు డెట్రాయిట్ నుంచి కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరును పిలిచారు. జీతం ఇచ్చే స్తోమత లేదు, డబ్బు సంగతి తర్వాత చూద్దామన్నారు. ఆయన మొదట కాదన్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు. జులై 17న బయల్దేరి వచ్చి, రెండు రోజుల్లో బండి మొత్తం కాగితం మీద పెట్టాడు. మూడో రోజు ధర లెక్క కట్టాడు. 22న టెండరు వేశారు. బరువు ఆరు క్వింటాళ్ల లోపు రాదని ఆయనకు ముందే తెలుసు. అయినా కాగితం మీద వస్తుందనే రాశారు. విల్లీస్ ధర తక్కువ చెప్పింది గాని గడువు ఎక్కువ అడిగింది. ఆలస్యానికి వేసే జరిమానా కలిపితే బాంటమే చవకని తేలింది. పని బాంటమ్‌కు దక్కింది.

ఇక్కడి నుంచి నేను చదువుతున్నది అమెరికా కథలా లేదు, పాడేరు మెకానిక్ షెడ్డు కథలా ఉంది. హెరాల్డ్ క్రిస్ట్ అనే మేనేజరు, కొద్దిమంది పనివాళ్లు. కొత్తగా అన్నీ పోత పోయడానికి టైము లేదు. స్టూడ్‌బేకర్ కారు ఇరుసులను స్పైసర్ అనే కంపెనీ మార్చి ఇచ్చింది. ఇంజను కాంటినెంటల్ వాళ్లది. దొరికిన భాగాన్ని పెట్టి చూడటం, పట్టకపోతే కోయడం, మళ్లీ అతికించడం. రేకులు చేత్తో కొట్టి వంచారు. సెప్టెంబరు 23, ఆఖరి రోజు. సాయంత్రం 5 గంటలు గడువు. ప్రాబ్‌స్ట్, క్రిస్ట్ ఇద్దరూ ఆ బండిని తామే నడుపుకుంటూ మేరీలాండ్ రాష్ట్రంలోని హోలాబర్డ్ సైనిక కేంద్రానికి బయల్దేరారు. 4 గంటల 30 నిమిషాలకు గేటు దాటారు.

తూకం వేస్తే ఎనిమిది క్వింటాళ్లు దాటింది. కాని సైన్యం వాళ్లు దాన్ని బురదలో, గుంటల్లో, గుట్టల మీద మూడు వేల మైళ్లకు పైగా తిప్పి చూసి, బండిని తిప్పి పంపలేదు. బరువు నిబంధననే మార్చారు.

ఆ తిప్పి చూడటం దగ్గరే అసలు సంగతి జరిగింది. విల్లీస్, ఫోర్డ్ ఇంజనీర్లు కూడా హోలాబర్డ్‌కు వచ్చి బండిని చూశారు. బాంటమ్ గీసిన డ్రాయింగులను సైన్యమే వాళ్లకు ఇచ్చింది. సైన్యం చెప్పిన కారణం, బాంటమ్ చిన్న కంపెనీ, యుద్ధానికి కావలసినన్ని బండ్లు చేయలేదు అని. ఆ మాటలో అబద్ధం లేదు. కొన్ని నెలలకే విల్లీస్ ఒకటి, ఫోర్డ్ ఒకటి, అదే తీరు బండ్లు చేసుకొచ్చాయి. ముగ్గురికీ తలా 1,500 బండ్ల ఆర్డరు ఇచ్చారు. 1941లో పెద్ద కాంట్రాక్టు విల్లీస్‌కు పోయింది, తర్వాత ఫోర్డ్‌కూ పంచారు. యుద్ధం ముగిసేసరికి ఆ రెండు కంపెనీలూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. బాంటమ్ చేసినవి మొత్తం 2,600 పైచిలుకు. వాటిలో ఎక్కువ భాగం బ్రిటన్‌కు, సోవియట్ రష్యాకు వెళ్లిపోయాయి.

మరి యుద్ధమంతా బాంటమ్ ఏం చేసింది? జీపు వెనక తగిలించే రెండు చక్రాల ట్రయిలర్లు చేసింది.

ఆ వాక్యం దగ్గర ఫోను ఆపేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నాకు కోపం వచ్చింది. పెద్దవాడు చిన్నవాడి సొత్తు లాక్కున్నాడు అని రేపే పిల్లలకు చెప్పేయాలనుకున్నాను. మన పిల్లలకు ఆ కథ వేరే చెప్పక్కర్లేదు, వినగానే అర్థమవుతుంది.

కాని మర్నాడు రాత్రి ఇంకా చదివితే అంత తేలిగ్గా లేదు. విల్లీస్ ఇంజను నిజంగానే మంచిది. బాంటమ్ బండిది 45 హార్స్‌పవర్ అయితే దానిది 60. పెద్ద కాంట్రాక్టు రావడానికి ఆ ఇంజనూ ఒక కారణమే. జీపు ముఖం అని మనం గుర్తుపట్టే ఆ నిలువు గాళ్ల రేకు ఉంది చూడండి, ఇంజను ముందు ఉండేది, అది ఫోర్డ్ ఆలోచన. ఒకే రేకును ప్రెస్సులో నొక్కి తీస్తే చవకని వాళ్లు పెట్టారు, విల్లీస్ దాన్ని తీసుకుంది. ఎలాంటి బండి కావాలో ముందు ఊహించింది కొందరు సైనికాధికారులు. బాంటమ్ కూడా ఇంగ్లండు కారు చేసుకుంటూ బతికిన కంపెనీయే. అంతా బాంటమే చేసిందని పిల్లలకు చెబితే ఒక తప్పు తుడిచి ఇంకో తప్పు రాసినట్టు అవుతుంది. చాలా చేతులు పడ్డాయి. ముందు పడిన చెయ్యి బాంటమ్‌ది. ఆ చేతికే ఏమీ మిగల్లేదు.

యుద్ధం నడుస్తుండగా విల్లీస్ పత్రికల్లో ప్రకటనలు వేసుకుంది, జీపును సృష్టించింది మేమేనని. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1943లో దాని మీద కేసు పెట్టింది. విచారణ 1948 దాకా సాగింది. జీపు ఆలోచన పుట్టింది బాంటమ్‌లోనని, కొందరు సైనికాధికారుల సహకారంతో పుట్టిందని కమిషన్ తేల్చింది. విల్లీస్ ఇకమీదట అలా చెప్పుకోకూడదంది. ఆ తీర్పుతో బాంటమ్‌కు ఒక్క ఆర్డరు కూడా రాలేదు. 1950లో జీపు అనే పేరును విల్లీస్ ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకుంది. మరో ఆరేళ్లకు బాంటమ్ కథ ముగిసింది.

అక్కడి నుంచి మన దగ్గరికి రావడం దగ్గర దారే. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అని ఒక కంపెనీ మొదలైంది. దేశ విభజన తర్వాత భాగస్వామి మాలిక్ గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కు వెళ్లి ఆ దేశపు మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు, కంపెనీ మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. వాళ్లు బొంబాయిలో విల్లీస్ జీపులను బిగించడంతో వాహనాల వ్యాపారంలోకి వచ్చారు. మామ కమాండర్ ఆ వంశంలోదే. కాబట్టి మామ చెప్పిన మనవడి లెక్క తప్పు కాదు. తాతకు ముందు ఇంకొకడు ఉన్నాడని ఆయనకు తెలియదు, అంతే.

ఒక తమాషా కూడా చెప్పాలి. 2018లో మహీంద్రా రాక్సర్ అనే బండిని అమెరికాలో అమ్మకానికి పెట్టింది. చూడటానికి పాత జీపే. అప్పటికి జీపు పేరు చాలా చేతులు మారి ఫియట్ క్రిస్లర్ దగ్గర ఉంది. ఆ ఆకారం మాది అని వాళ్లు అక్కడి వాణిజ్య కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. 2020లో కమిషన్ వాళ్ల వైపే చెప్పింది. మహీంద్రా తన బండి ముఖం మార్చుకుంది. బట్లర్ ఊరివాళ్లు ఈ వార్త ఎలా చదివారో! ఆ ఊళ్లో మాత్రం 2011 నుంచి ఏటా బాంటమ్ జీపు పేరుతో పండగ చేస్తున్నారు. మొదటి 70లో ఏడోది ఇంకా ఉంది, పిట్స్‌బర్గ్ మ్యూజియంలో.

దసరా సెలవులకు వెళ్లినప్పుడు ఇదంతా మామకు చెప్పాను. మామ అరుగు మీద కూర్చుని చోళ్ల అంబలి తాగుతూ విన్నాడు. 49 రోజులు అంటే ఆశ్చర్యపోలేదు. "రాత్రిళ్లు కూడా చేసుంటారు" అన్నాడు. మధ్యలో ఇంజను ఎవడిది, ఇరుసు ఎవడిది అని అడిగాడు. నాలుగు చక్రాల సంగతి దగ్గర నవ్వాడు. "మనదానికి ముందు చక్రాలకి పనే లేదు. వెనక రెండింటితోనే ఎక్కించినాను ఇన్నేళ్లూ." నిజమే, ఆ కమాండర్‌కు ఫోర్‌వీల్ లేదు. ఉన్నట్టే నడిపాడు.

ట్రయిలర్ల మాట చెప్పాక కాసేపు మాట్లాడలేదు. గిన్నె కింద పెట్టి అన్నాడు.

"నయమే. వెనకాల తొట్టి చేసే పనైనా ఇచ్చినారు."

మామ జీపు గురించి ఇంతవరకు ఒక మాట దాచాను. ఊరంతా దాన్ని మామ జీపు అనేది. ఆర్సీ కూడా మామ పేరు మీదే. కాని ముందు అద్దం మీద రాసి ఉన్న పేరు కింద పట్నంలో షావుకారు కూతురిది. 1996లో గిరిజన యువతకు సబ్సిడీ రుణం అని ఒకటి వచ్చింది. మామకు డ్రైవింగు వచ్చు, లైసెన్సు ఉంది, కట్టవలసిన వాటా డబ్బు లేదు. ఆ వాటా షావుకారు కట్టాడు. ఎక్కడ చూపిస్తే అక్కడ మామ సంతకం పెట్టాడు. బండి వచ్చింది. మామ దాని మీద రోజు కూలికి డ్రైవరు. సాయంత్రం కలెక్షన్ షావుకారు గుమాస్తా చేతిలో పెట్టి, బత్తా తీసుకుని ఇంటికి వచ్చేవాడు. వాయిదాలు షావుకారే కట్టుకుంటానన్నాడు. ఆటోలు వచ్చి బేరాలు తగ్గాక ఒకరోజు బండిని పాత ఇనుముకు అమ్మేశాడు. వాయిదాలు చాలావరకు కట్టలేదని అప్పుడు తెలిసింది. నోటీసులు మామ పేరున వచ్చాయి. పేరు మామది కదా.

బట్లర్ వాళ్లు బండి చేశారు, పేరు పోయింది. మామకు పేరే ఉంది, బండి లేదు. మొదట నాకు ఈ రెండూ తలకిందులుగా కనిపించాయి. రెండు చోట్లా కాగితం ఎవరి దగ్గరుందో వాడికే అన్నం దొరికింది అనుకుందామన్నా కుదరదు, మామ దగ్గర కాగితం ఉంది. ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ప్లాస్టిక్ కవరులో దాచుకున్నాడు. నిరుడు మా బావ, మామ కొడుకు, కాఫీ పండ్ల తోలు తీసే యంత్రానికి అప్పు అడగబోతే, మీ నాన్న బాకీ తేలనిదే కుదరదన్నారు. ఆ మాట విన్నాకే మామ నాతో ఈ కథ మొత్తం చెప్పాడు. అంతకుముందు ఇరవై ఏళ్లూ మేం ఆయన జీపుకు ఓనరనే అనుకున్నాం. ఆయనా కాదనలేదు.

ఆ సాయంత్రం ఆర్సీ చూపిస్తానని పెట్టె తెరిచాడు. దాని కింద మూడు నోట్‌పుస్తకాలు ఉన్నాయి. ఏవని అడిగితే, "ఏటీ లేదు, ట్రిప్పుల లెక్క" అన్నాడు. తెరిచి చూశాను. మామ ఐదు వరకే చదివాడు. ప్రతి పేజీలో తేదీ, ఎన్ని ట్రిప్పులు, డీజిల్ ఎంత, రిపేరు ఎంత, గుమాస్తాకు ఇచ్చింది ఎంత. ఇచ్చిన చోటల్లా పక్కన ఒక పొట్టి సంతకం. గుమాస్తాది. రేపు లెక్క తేడా వస్తే నా కూలి కోస్తాడేమో అనే భయంతో మామ రోజూ పెట్టించుకున్న సంతకం. బండి డబ్బు ఎటు పోయిందో చెప్పే సాక్ష్యం ఇదని ఆయనకు తోచనేలేదు. నాకూ, బాంటమ్ వాళ్ల కేసులో ఏ రోజు ఏ డ్రాయింగు ఎవరి చేతికి వెళ్లిందన్న గొడవ చదవకపోయుంటే, తోచేది కాదేమో.

సెలవుల తర్వాత క్లాసులో తప్పు దిద్దాను. బాంటమ్, బట్లర్, 1940 అని బోర్డు మీద రాశాను. వెనక వరస గుంటడు లేచాడు. "విల్లీస్ కొట్టేయాలా మాస్టారూ?" అన్నాడు. వద్దు, ఉంచి, పైన ఇది రాయమన్నాను. వాడికి పైన జాగా లేదట, పక్క మార్జిన్లో రాసుకున్నాడు.

మొన్న శనివారం నేనూ, మామా, బావా ముగ్గురం పాడేరు వెళ్లాం. అర్జీ నేనే రాశాను. ఆ జీపులో రోజూ ఎక్కినవాళ్లు, సాయంత్రం డబ్బు ఇవ్వడం చూసినవాళ్లు పదకొండు మంది వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఎన్నాళ్లు పడుతుందో తెలియదు. నోట్‌పుస్తకాలు జిరాక్సు తీయించడానికి షాపుకు వెళ్తే, కుర్రాడు పేజీలు తిప్పుతూ ఖాళీగా ఉన్నవి వదిలేస్తున్నాడు. మామ చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అవి కూడా తియ్యి బాబూ. ఆ రోజుల్లో బండి షెడ్డులో ఉంది. అదీ లెక్కే."